పెన్నా ఇసుకలో ఒక ఏడుపు

మా వాడు చనిపోయాడన్న సంగతి నాకు వేముల దగ్గర ఒక బీడులో, వాడి పక్కనే నిలబడి ఉండగా తెలిసింది.

ఆ పొద్దు అక్కడ మట్టి ట్రాక్ మీద బైకు పందేలు. పులివెందుల కుర్రాళ్లు కొందరు కలిసి, వేరుశనగ పెరికేశాక బీడుగా వదిలేసిన చేనును ట్రాక్టరుతో చదును చేసి, అక్కడక్కడా మట్టి దిబ్బలు పోసి, మలుపుల్లో పాత టైర్లు పాతిపెట్టారు. మా వాడు ఒక పందెం ముగించుకుని వచ్చి, హెల్మెట్ తీసి తల మీద నీళ్లు పోసుకుంటున్నాడు. నేను వాడి బండి చక్రంలో ఇరుక్కున్న మట్టిని వీడియో తీస్తున్నాను. జనంలోంచి ఒక నడివయసు మనిషి వచ్చి వాడి ముఖంలోకి చూశాడు. తన ఫోనులోకి చూశాడు. మళ్లీ వాడి ముఖంలోకి చూసి కాస్త వెనక్కి జరిగాడు.

"అప్పా, నీకు కవల తమ్ముడు ఎవురన్నా ఉండాడా?" అని అడిగాడు.

"లేడు మామా. ఎందుకు?"

ఆయన ఫోను నా చేతికిచ్చాడు. వాడికి ఇవ్వలేదు.

తెర మీద మా వాడి ఫొటో ఉంది. దానికి ఎవరో బంతిపూల దండ వేశారు. బైకు విన్యాసం చేస్తూ పెన్నాలో పడి ప్రొద్దుటూరు యువకుడు మృతి అని, అవ్వ రోదన చూస్తే రాయి కూడా కరుగుతుందని కింద రాసి ఉంది. దాని కింద వీడియో. బండి గాల్లోకి లేవడం, మనిషి పడి దొర్లడం, చీర కొంగు ముఖానికి కప్పుకున్న ముసలామె ఒకతె పరిగెత్తుకొచ్చి వాడి మీద పడి రాగం తీసి ఏడవడం. తర్వాత ఎక్కడివో ఏమో, నీళ్లలో పడవలతో వెతుకుతున్న దృశ్యాలు.

పడిపోయింది మా వాడే. ఏడ్చిన ముసలామె కూడా మా వాడే, ఇంకొకడు. ఆ వీడియో తీసింది నేను.

మేం ముగ్గురం. ప్రొద్దుటూరులో డిప్లొమా చదివేటప్పుడు ఒకే బెంచీలో కూర్చున్నవాళ్లం. ప్రొద్దుటూరు వాడు బండి నడుపుతాడు. వాడి మేనమామకు మెకానిక్ షాపు ఉంది, చిన్నప్పటినుంచీ అక్కడే పెరిగాడు. పెద్దముడియం పక్క పల్లె నుంచి వచ్చినవాడు నవ్విస్తాడు. వాళ్లది శనగ పండించే ఇల్లు. మనిషి ఎత్తరి, గొంతు మాత్రం ఎలా కావాలంటే అలా తిరుగుతుంది. నాది జమ్మలమడుగు. పెళ్లిళ్లకు ఫొటోలు, వీడియోలు తీసే పని. ఆ పనిలో మిగిలిన పొద్దుల్లో మా ముగ్గురి వీడియోలు తీసి, కత్తిరించి, అతికించి నెట్‌లో పెట్టేవాడిని.

మా వీడియోల పద్ధతి ఒకటే. ముందు నిజమైన బండి పని ఉంటుంది. రాళ్ల గుట్ట ఎక్కించడమో, ఇసుకలో జారుతూ తిప్పడమో, దిబ్బ మీదినుంచి దూకించడమో. అది అయిపోగానే పెద్దముడియం వాడు అవ్వ వేషంలో దిగి తిట్లు మొదలుపెడతాడు. చూసేవాళ్లు బండి కోసం వచ్చి అవ్వ కోసం ఉండేవాళ్లు. కోస్తా వైపు వాళ్లు, మీరు మామూలుగా మాట్లాడుకున్నా కొట్లాడుకుంటున్నట్టే ఉంది అని కింద రాసేవాళ్లు. అది మాకు మెప్పులాగే తోచేది.

ఆ ఏడుపు వీడియో పందేలకు కొన్నాళ్ల ముందు జమ్మలమడుగు దగ్గర పెన్నాలో తీశాం. నీళ్లు లేవు, ఉన్నదంతా ఇసుకే. బండి దిబ్బ దూకుతుంది, మా వాడు పడతాడు, కదలడు. అవ్వ వచ్చి మీద పడి ఏడుస్తుంది. బాగా ఏడ్చాక లేచి, వాణ్ని దాటుకుని పోయి బండి మీద పడి, "నా బండీ, ఇంగ నన్ను సంతకు ఎవురు తీసకపోతారే" అని అంతకన్నా గట్టిగా ఏడుస్తుంది. చచ్చినవాడు లేచి కూర్చుని, "అవ్వా, నేను బతికే ఉండా" అంటాడు. "నువ్వుంటే ఏంది, లేకుంటే ఏంది" అంటుంది అవ్వ. అదీ మేం చేసిన హాస్యం. ఎవరో ఆ చివరి ముక్క తీసేశారు. ఎవరో ఇప్పటికీ తెలియదు.

బీడులో పెద్దముడియం వాడు ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "ఇది నా ఏడుపే గదరా" అన్నాడు, ఎవరో తన వస్తువు ఎత్తుకుపోయినట్టు. ప్రొద్దుటూరు వాడు మొదట నవ్వాడు. "దండలో బాగనే ఉండానే" అన్నాడు. అలా నవ్వుతూనే ఉన్నట్టుండి ఆగిపోయి, "అమ్మీ" అన్నాడు.

మా ఫోన్లు మూడూ ఫ్లైట్ మోడ్‌లో ఉన్నాయి. షూటింగులో కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోతుందని పొద్దున్నే అలా పెట్టేయడం మా అలవాటు. మామూలుకు మార్చగానే నా చేతిలో ఫోను జ్వరం వచ్చినదానిలా అదురుతూనే ఉండిపోయింది. వాడు వాళ్ల అమ్మకు చేశాడు. ఎవరో ఎత్తారు. "అమ్మీ, నేను" అన్నాడు. అవతల ఒక ఆడమనిషి కేక వినిపించింది. కాల్ తెగిపోయింది. మళ్లీ చేస్తే స్విచాఫ్.

నేను వాడి మేనమామకు చేశాను. ఆయన జమ్మలమడుగు ఆసుపత్రిలో శవాల గది ముందు నిలబడి ఉన్నాడు.

"ఇంగా తీసకరాలేదంటాండారు" అన్నాడాయన. గొంతు పూర్తిగా పోయి ఉంది. "నువ్వు యాడుండావు? వాన్నొక్కన్నే యాడ వదిలితిరప్పా?"

"మామా, వాడు నా పక్కనే ఉండాడు."

"శవం కాడ ఉండావా? ఏ ఊరప్పా అది?"

"శవం కాదు మామా. వాడే. మాట్లాడిస్తా ఉండు."

వాడు ఫోను తీసుకుని ఉర్దూలో రెండు ముక్కలు అన్నాడు. అవతల ఏదో కిందపడిన చప్పుడైంది. తర్వాత మరెవరిదో గొంతు, "ఎవురప్పా మీరు? ఈ మనిషి ఈడ కూలబడినాడు" అంది.

ముద్దనూరు, ఎర్రగుంట్ల మీదుగా ప్రొద్దుటూరుకు బయల్దేరాం. రెండు బళ్లు. పెద్దముడియం వాడూ నేనూ ఒకదాని మీద, వాడొక్కడే ఇంకోదాని మీద. ఇంకొకడైతే ఆ పరిస్థితిలో ఎగిరిపోయేవాడు. వాడు మాత్రం రోడ్డుకు ఎడమ అంచున, లారీలకు దారిస్తూ, పాలు మోసుకెళ్లే ముసలివాడిలా నడిపాడు. ఎర్రగుంట్లలో రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు, ఎందుకింత మెల్లగా అని అడిగాను.

"ఇప్పుడు పడితే నిజమైపోతాది" అన్నాడు.

వాళ్ల వీధి మొదట్లోనే ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు కనిపించాయి. మా ఊళ్లలో పెళ్లికీ అవే, చావుకూ అవే. అయినా ఏ పనికి వేశారో చూడగానే తెలిసిపోతుంది. చావింటి కుర్చీలు వరసగా ఉండవు. మగవాళ్లు గుంపులుగా నిలబడి ఉన్నారు. మసీదు పెద్దలు ఇద్దరు గోడవార కూర్చుని ఉన్నారు. షామియానా కర్రలు ఇంకా కట్టకుండా నేల మీదే పడి ఉన్నాయి. వాడు బండి ఆపి దిగాడు. అంతమందీ పక్కకు జరిగి దారి ఇచ్చారు. అలా దారి ఇవ్వడం నేను శవం వస్తున్నప్పుడు చూశాను గానీ, నడిచి వస్తున్న మనిషికి ఇవ్వడం చూడలేదు.

వాడి అమ్మ చీరలకు ఫాల్స్ కుట్టేది. మేం కూడా ఆమెను అమ్మీ అనే పిలిచేవాళ్లం. గడప లోపల ఆడవాళ్ల మధ్యలో కూర్చుని ఉంది. వాణ్ని చూసి లేచింది. పరిగెత్తుకొస్తుందనుకున్నాను. రాలేదు. "ఆడనే నిలబడు, కదలద్దు" అంది తెలుగులోనే. దగ్గరికొచ్చి తల పట్టుకుని చూసింది. చెవుల వెనక చూసింది. చేతులు తిప్పి మోచేతులు చూసింది. చొక్కా ఎత్తి వీపు చూసింది. పుట్టిన బిడ్డను చూసుకున్నట్టు వేళ్లన్నీ విడివిడిగా పట్టుకుని చూసింది. అప్పటికి గానీ నమ్మకం కుదరలేదేమో, ఆడవాళ్ల వైపు తిరిగి, "ఇంగ పోండమ్మా. మీ ఇండ్లకు పోండి" అంది. తర్వాత గోడ పట్టుకుని మెల్లగా కూర్చుండిపోయింది.

మసీదు పెద్దల్లో ఒకాయన, "బతికిండేవాడు సచ్చిపోయినాడని పుకారు పుడితే ఆయుసు పెరుగుతాదంటారు. మంచిదేలే" అన్నాడు. నలుగురూ తలలూపారు. గాలి తిరిగినట్టే అనిపించింది. అప్పుడు అమ్మీ కిందినుంచే అంది.

"ఆయప్ప బయల్దేరినాడు."

వాడి నాన్న కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేసేవాడు. వాడి చిన్నప్పుడే అక్కడికి వెళ్లిన మనిషి. ఎన్నో ఏళ్లకొకసారి వచ్చి కొద్దినాళ్లుండి వెళ్లేవాడు. నాన్నను వాడు అబ్బా అనేవాడు, ఆయనకు కాల్ చేశాడు. ఫోను ఆఫ్. అక్కడ ఆయనతో గదిలో ఉండే రాయచోటి మనిషి దొరికాడు. ఎవరో ఆ వీడియో పంపారనీ, చూసి వంట పొయ్యి మీదే వదిలేసి, యజమానికి కూడా చెప్పకుండా, ఒంటి మీది బట్టలతో విమానాశ్రయానికి పోయాడనీ చెప్పాడు. బెంగళూరు విమానమో చెన్నై విమానమో తనకు తెలియదన్నాడు.

చేయగలిగింది ఏమీ లేదు. ఆయన గాల్లో ఎక్కడో ఉన్నాడు, కొడుకు చనిపోయాడనే అనుకుంటున్నాడు. కొడుకు ఇక్కడ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కుర్చీలు తీసుకుపోవడానికి వచ్చినవాళ్లు అడిగితే, ఉంచాలో పంపాలో ఎవరికీ తోచలేదు.

ఆ సాయంత్రం మేం ముగ్గురం వరసగా నిలబడి, మా వాడు బతికే ఉన్నాడని చెబుతూ ఒక వీడియో పెట్టాం. చావు వీడియో చూసినవాళ్లలో ఇది చూసింది కొద్దిమందే. ఇది పాత వీడియో, పాపం బతికున్నప్పుడు తీసింది అని కింద ఒకాయన రాశాడు. దాన్ని చదివి పెద్దముడియం వాడు ఫోను పక్కన పెట్టేశాడు.

మర్నాడు పొద్దున ఆయన వచ్చాడు. కువైట్ సిమ్ ఇక్కడ పనిచేయక, దారిలో కూడా ఆయనకు కబురు అందలేదు. ఇంట్లోకి అడుగుపెట్టి హఠాత్తుగా చూస్తే గుండె ఆగిపోతుందేమోనని, ముందే దూరం నుంచి కనబడాలని తెల్లవారకముందే వాణ్ని వీధి మధ్యలో నిలబెట్టాం. కర్ణాటక నంబరు కారు వచ్చి ఆగింది. వెనక తలుపు తెరుచుకుని ఆయన దిగాడు. చేతిలో ఏమీ లేదు. చొక్కా మీద పసుపు మరకలు. ఎప్పుడు వచ్చినా రెండు పెద్ద పెట్టెలతో, అత్తరు వాసనతో దిగే మనిషి. తల ఎత్తి కొడుకును చూశాడు. కాసేపు అలాగే చూసి, వెనక్కి తిరిగి కారెక్కి తలుపు వేసుకున్నాడు.

మేం బిత్తరపోయాం. డ్రైవరు దిగి మా దగ్గరికి వచ్చాడు. "ఏమాయె ఇవర్‌కి" అని సగం కన్నడంలో అడిగాడు. వాడు కారు దగ్గరికి పోయి అద్దం ముందు నిలబడ్డాడు. లోపల ఆయన ముందు సీటు వీపుకు నుదురు ఆనించి ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి. శబ్దం బయటికి రాలేదు. వాడు అద్దం కొట్టలేదు, పిలవలేదు. అమ్మీ గడపలో నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

చివరికి తలుపు తీశాడు. కొడుకును దగ్గరికి తీసుకుంటాడనుకున్నాను, లేదా కొడతాడనుకున్నాను. రెండూ చేయలేదు. మా వైపు చూసి, "ఆ ఏడ్సిండే అవ్వ ఎవురు?" అని అడిగాడు.

పెద్దముడియం వాడు ముందుకొచ్చాడు. "నేనే మామా. అది ఏసం. మేం తమాషాకి చేసింటిమి."

ఆయనకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. వాడి మీసాలు చూశాడు, ఎత్తు చూశాడు.

"నేను దోవ పొడుగునా ఆ ఏడుపే ఇంటా వస్తి" అన్నాడు. "ఇమానంలో కూడా చెవిలో పెట్టుకుని ఇంటి. మా ఇంట్లో అట్ల ఎవురూ ఏడ్వరు. ఎవురబ్బా ఈయమ్మ, నా కొడుకు కోసరం నాకంటే ఎక్కువ ఏడుస్తాంది అనుకుంటి. ఆయమ్మను సూసి కాళ్లు మొక్కాలనుకుంటి."

పెద్దముడియం వాడికి నోటి చివర ఎప్పుడూ ఒక ఎదురుమాట సిద్ధంగా ఉండేది. "ఆ మాటలు మా అవ్వవి మామా" అని మాత్రం అన్నాడు.

"ఉండాదా?"

"ఉండాది. ఊర్లో."

"పోదాం పద" అన్నాడాయన. అమ్మీ చేతి నీళ్లు తాగి, చొక్కా మార్చుకుని, ఆ మధ్యాహ్నమే మాతో బయల్దేరాడు. కొడుకు బండి వెనక కూర్చున్నాడు. రెండు చేతులతో వాడి నడుము పట్టుకున్నాడు. దారిలో ఒక్కసారి కూడా వదల్లేదు.

పల్లెలో అవ్వ వసారాలో కూర్చుని శనగలు చెరుగుతోంది. మనవడి వీడియోల సంగతి ఆమెకు తెలియదు. చూపు సరిగా ఆనదు. మనవడు సంగతి చెప్పాడు, నవ్వించడానికి తన మాటలు వాడుకున్నానన్నాడు. ఏ మాటలురా అంది. వాడు చెప్పలేక నా వైపు చూశాడు. నేను ఫోనులో పెట్టాను.

"సద్ది కట్టిస్తి గదరా కొడకా, ముడి ఇప్పకనే పోతివా. మాపటికొస్తానంటివి, మాపు కాకనే పోతివా."

చేట ఆగిపోయింది. అవ్వ చెవి ఫోను వైపు వంచి ఆ ఏడుపు అయ్యేదాకా విన్నది. బండి మీద ఏడ్చే ముక్క వచ్చేలోపు నేను ఆపేశాను.

"ఇవి నీకెవురిచ్చినార్రా?" అని అడిగింది మనవణ్ని.

"నువ్వే గదవ్వా. శనగలు చెరిగేటప్పుడు పాడుకుంటాంటివి గదా. పాట అనుకుంటి."

"పాట కాదు నాయనా. మీ పెద్దనాయన పోయినప్పుడు ఏడ్సింటి."

వాడికి ఒక పెద్దనాన్న ఉండేవాడని, తను పుట్టకముందే బోరు మోటారు స్టార్టర్ పట్టుకుని కరెంటు కొట్టి పోయాడని వాడికి తెలుసు. కానీ ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్లు కాదు. ఆ పాట ఆయనదని తెలియదు. చిన్నప్పుడు దాన్ని వింటూ నిద్రపోయేవాణ్నని మాకెన్నోసార్లు చెప్పాడు. ఇప్పుడు స్తంభానికి ఆనుకుని నిలబడి అవ్వనే చూస్తున్నాడు. ఏడవలేదు వాడు. తర్వాత నాతో అన్నాడు, ఏడిస్తే మళ్లీ వేషమే అనుకుంటారని భయమేసిందని.

అవ్వ తిట్టలేదు. ప్రొద్దుటూరు వాణ్ని దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకుంది. చేతితో వాడి ముఖం తడిమింది. "ఈ పిల్లోనికేనా ఏడ్సినావు?" అని మనవణ్ని అడిగింది. ఔనన్నాడు. "నా కొడుక్కు ఏడ్సినా రాలేదు. ఈ పిల్లోడు వచ్చినాడు. పోనీలే" అంది. అబ్బా ఆమె కాళ్లు తాకబోతే, చేట అడ్డం పెట్టి వద్దంది. ఆయన అక్కడే నేల మీద కూర్చుని, ఆమె ముందున్న కుప్పలోంచి మట్టిబెడ్డలు ఏరడం మొదలుపెట్టాడు. పొద్దు వాలేదాకా ఇద్దరూ ఏరుతూ, చెరుగుతూ ఏవేవో మాట్లాడుకున్నారు. పోయిన ఆమె కొడుకు ఏం తినేవాడని ఆయన అడిగాడు. అలసంద వడలు అని ఆమె చెప్పింది. వాటిని మీరెట్ల చేస్తారని ఈయన అడిగాడు.

కువైట్ పని పోయింది. చెప్పకుండా వచ్చిన మనిషిని మళ్లీ రానివ్వలేదు. ఆయన ప్రొద్దుటూరులోనే ఉండిపోయి, పొద్దుటిపూట ఎర్రకారం దోసెలు పోసి అమ్ముతున్నాడు. ఇంట్లో మొదట్లో ఇబ్బందే అయింది. ఏళ్ల తరబడి ఫోనులో మాత్రమే నాన్న అయిన మనిషి, పొద్దున లేచేసరికి ఇంట్లో ఉండడం వాడికి అలవాటు కాలేదు. ఇద్దరూ చిన్నచిన్న వాటికి పోట్లాడుకునేవాళ్లు. బండి తాళం ఆయన దాచేసేవాడు. వాడు తీసుకునేవాడు.

పెద్దముడియం వాడు చీర కట్టడం మానేశాడు. ఇప్పుడు ప్యాంటూ చొక్కాతోనే, బండెక్కడానికి భయపడే మామలా చేస్తాడు. చూసేవాళ్లు కొంత తగ్గారు. అవ్వ ఏదీ అని ఇంకా అడుగుతుంటారు. వాడు వాటికి జవాబు రాయడు.

వల్లూరు దగ్గర పందేలు జరిగినప్పుడు అబ్బా తానూ వస్తానన్నాడు. కొడుకు వద్దన్నాడు, ఆయన వినలేదు. ట్రాక్ పక్కన నా దగ్గరే నిలబడ్డాడు. బళ్లు కదిలాయి. మా వాడి బండి మొదటి దిబ్బకు వస్తుండగా ఆయన గిర్రున తిరిగి ట్రాక్‌కు వీపు పెట్టి, నా వైపు ముఖం పెట్టాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నేను కెమెరా దించేశాను. అది తీయాల్సింది కాదనిపించింది.

"దిగినాడా?" అన్నాడు.

"దిగినాడు మామా."

అప్పుడు తిరిగి చూశాడు. బండి మలుపు తిరుగుతోంది. ధూళి మా మీదికి వచ్చింది. అది మళ్లీ దిబ్బ దగ్గరికి వచ్చేసరికి ఆయన మళ్లీ నా వైపు తిరిగాడు. పందెం అయిపోయేదాకా అంతే. వాడు దూకిన ప్రతిసారీ ఆయన అడిగాడు, నేను చెప్పాను.